ఒక టోకెన్ తక్కువ

ప్రశ్న:

మేడం గారికి నమస్తే. నాకు 33 ఏళ్లు. బెల్లందూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, హొరమావులో ఇల్లు. మాది కుప్పం దగ్గర పల్లె. 2008లో అమ్మానాయనా బెంగళూరు వచ్చి మారతహళ్లిలో పీజీల మధ్య చిన్న ఆంధ్రా మెస్సు పెట్టారు. 2020లో మూసేశారు.

ఇప్పటిదాకా నావి ఆరు కథలు అచ్చయ్యాయి. ఒకదానికి ఉగాది పోటీలో కన్సొలేషన్ బహుమతి వచ్చింది. ఆ ధైర్యంతో మా మెస్సు మీద నవల మొదలుపెట్టాను. నాలుగు అధ్యాయాలు నెలన్నరలో అయిపోయాయి. నాలుగోది 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు అందరూ మెస్సులో టీవీ ముందు నిలబడి లాక్‌డౌన్ ప్రకటన వినడంతో ముగుస్తుంది. అయిదోది పది నెలలుగా రావడం లేదు. పద్నాలుగు సార్లు మొదలుపెట్టాను, ఆ నాలుగు అధ్యాయాలతో పాటు అవన్నీ జతచేస్తున్నాను. టైటిల్ ఉంది, స్నేహితురాలు కవర్ కూడా వేసిచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే టెన్షన్‌తో కడుపులో తిప్పుతోంది. ఒకసారి ఏఐని అడిగితే అయిదో అధ్యాయం రాసిచ్చింది, బాగానే ఉంది గానీ నాది అనిపించలేదు. అదీ పంపుతున్నాను.

మీలాంటి వాళ్లకి ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ రైటర్స్ బ్లాక్ పోవాలంటే ఏం చేయాలి? ఉద్యోగం మానేసి ఏడాది పాటు రాస్తే అవుతుందా? మా కుప్పం యాసలో రాస్తే అందరికీ అర్థమవుతుందా?

తా.క.: మెస్సు టోకెన్లు, నంబర్లేసిన ప్లాస్టిక్ బిళ్లలు, మా నాయన ఇంకా రేకు డబ్బాలో పోసి మంచం కింద పెట్టుకున్నాడు. ఆ మార్చి 25న ఉగాది కదా, స్పెషల్ మీల్స్‌కి ముందే డబ్బులు తీసుకుని టోకెన్లు ఇచ్చేసి ఉన్నాం. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ డబ్బు వెనక్కిచ్చాడు. కుర్రాళ్లు రూములు ఖాళీ చేయడానికి వచ్చినప్పుడు బిళ్లలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. అమ్మ గొలుసు అప్పుడే పోయింది. "అడగనోళ్లకి గూడా ఇచ్చేదేంది?" అనింది అమ్మ. అమ్మానాయనకి బాధగా ఉంటుందని ఇవేవీ నవలలో పెట్టలేదు. ఇప్పటికీ ఆదివారం పూట బిళ్లలు కింద పోసుకుని లెక్కపెడతాడు. "ఒగటి తక్కువొస్తా ఉండాది పాపా" అంటాడు. మీకు నవ్వొస్తుందని రాశాను.

మెస్సు పాప, బెంగళూరు

జవాబు:

పాపా,

మీ నాయన పిలిచే పిలుపుతోనే మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. నాకూ నీ వయసు కూతురుంది.

నవ్వు రాలేదు. తా.క. చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. తర్వాత నువ్వు పంపిన పద్నాలుగు మొదళ్లనీ టేబుల్ మీద వరసగా పరిచాను. ప్రింటు తీయించుకున్నాలే, ఈ వయసులో ఫోన్లో చదవలేను. వాటిలో ఆరు వానతో మొదలయ్యాయి. మూడింటిలో "ప్రపంచాన్ని గడగడలాడించిన మహమ్మారి" ఉంది. ఒకదాంట్లో అది "విలయతాండవం" కూడా చేసింది. ఆ మాటలు నీవి కావు, ఆ నెలల్లో రోజూ రాత్రి టీవీలో వార్తలు చదివినాయనవి. మీ మెస్సులో ఎన్ని గుండిగలుండేవో, వాటిని ఎవరు తోమేవాళ్లో, గోంగూర ఏ వారం వండేవాళ్లో తెలిసిన పిల్లవి నువ్వు. నీకు ఆయన మాటలతో పనేమిటి?

అదే నాకు ఉత్తరం రాసేటప్పుడు, కథ రాస్తున్నానన్న ధ్యాస లేనప్పుడు, నాలుగు ముక్కల్లో ఒక మనిషిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టావు. ఆదివారం. మంచం కింద నుంచి లాగిన రేకు డబ్బా. నేల మీద పోసిన బిళ్లలు. లెక్క. మళ్లీ లెక్క. మీ నాయన్ని నేనెప్పుడూ చూడలేదు, అయినా ఆ బిళ్లల్ని పదేసి చొప్పున పక్కకి జరిపే వేళ్లు నాకు కనిపిస్తున్నాయి. ఈ ఉత్తరం రాసిన చేతికి రాయడం రాదంటే నేను నమ్మను.

మరి ఎందుకు ఆగింది? నీ నాలుగో అధ్యాయం ఎక్కడ ఆగిందో చూడు. మార్చి 24 రాత్రి ఎనిమిది. తెల్లారితే ఉగాది. బెల్లం, మామిడికాయలు, వేపపువ్వు తెచ్చిపెట్టుకుని ఉంటారు. పప్పు నానబోసి ఉంటారు. టోకెన్లు అమ్మేశారు, తినేవాళ్లు మాత్రం రాలేరు. కథ తనంతట తాను ఎటు నడవాలి? డబ్బు వెనక్కివ్వడం దగ్గరికి. ఆ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలనే మాట దగ్గరికి. అక్కణ్నుంచి అమ్మ మెడ దగ్గరికి. నువ్వేమో అటు పోకూడదని నవల మొదలుపెట్టిన రోజే ఒట్టు పెట్టుకున్నావు. వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని, ఇంట్లోకి పోలేకపోతున్నానని బాధపడితే ఎలా చెప్పు. నీ వానలూ, మహమ్మారులూ అన్నీ ఆ మంచం చుట్టూ తిరగడమే.

'రైటర్స్ బ్లాక్' అనే మాటను 1940ల్లో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడు వాడుకలోకి తెచ్చాడు. అంతకుముందు రాయలేక అవస్థపడిన వాళ్లు లేరని కాదు. మనవాళ్లు 'కలం సాగడం లేదు' అనేవాళ్లు. నాకు ఆ మాటే నచ్చుతుంది. బ్లాక్ అంటే డ్రైనేజీ గుర్తొస్తుంది, ఎవరికో ఫోన్ చేస్తే వాళ్లు వచ్చి తీసిపోవాలన్నట్టు ఉంటుంది. కలం సాగకపోతే ముందు సిరా చూస్తాం, పాళీ చూస్తాం, ఆఖరికి కాగితం ఎత్తి కింద ఏ గింజో ఉందేమో చూస్తాం. నీ కాగితం కింద గొలుసుంది.

ప్రతి ఆగిపోవడం వెనకా ఇలాంటిదే ఉంటుందని నేననను. ఒక్కోసారి మనిషి అలిసిపోతాడు, అంతే. ఒక్కోసారి దుఃఖం. ఆర్.కె. నారాయణ్ గారి భార్య 1939లో టైఫాయిడ్‌తో పోయారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన రాయలేకపోయారు. చివరికి 1945లో వచ్చిన నవల ఆ దుఃఖంలోంచే పుట్టింది. ఆయన్ని ఆ మధ్యకాలంలో 'రోజుకి 500 మాటలు రాయండి సార్, అలవాటవుతుంది' అని ఎవరైనా సలహా చెప్పి ఉంటే ఎంత పాపం! నీ సంగతి అది కాదనే నా నమ్మకం. కానీ కడుపులో తిప్పడం రాసేటప్పుడే కాక మిగతా వేళల్లోనూ ఉండి, నిద్రా తిండీ కూడా చెడితే మాత్రం నన్ను కాదు, డాక్టర్ని అడుగు.

ఇన్‌స్పిరేషన్ మాటకొస్తాను. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, విసుక్కోకు.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెకి, అదే శెనక్కాయల జాతరకి, ఎప్పుడైనా వెళ్లావా? దొడ్డ గణపతి గుడి ముందు, బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా శెనక్కాయల కుప్పలే. కోలారు నుంచీ, తమిళనాడు నుంచీ, మన చిత్తూరు వైపు నుంచీ రైతులు వస్తారు. నేను ఏటా పోతాను, శెనక్కాయల కోసం కొంత, మాటల కోసం కొంత. ఒక ఏడాది పలమనేరు వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం కుప్ప దగ్గర కూర్చుని ఉన్నారు. ఆయన సేరుతో కొలిచి పోస్తున్నాడు. ఆమె సేరు లాక్కుంది. "కొలత నువ్వు ఎయ్యొద్దు. నీ చేత్తో కొలిస్తే సేరుకి సేరున్నర పోతాది" అంది. ఆయన నవ్వి, చేతులు దులుపుకుని పక్కకి జరిగాడు.

ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. దాన్ని కథ చేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ దానకర్ణుడి పాఠం లాంటిదేదో వచ్చింది, చింపేశాను. ఆ వాక్యం అలాగే పడి ఉంది.

రెండేళ్ల తర్వాత మా అన్నయ్య పోయాడు. మూడో నెలలో మద్రాసు వెళ్లి వదిన దగ్గర నాలుగు రోజులున్నాను. ఒక పొద్దున వదిన వంటకి బియ్యం కొలుస్తోంది. గ్లాసు ముంచడం, గిన్నెలో పోయడం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోది పోశాక ఆగింది. దోసిలితో కొన్ని బియ్యం తీసి మళ్లీ డబ్బాలో వేసింది. ఇంకో దోసిలి. నా వైపు చూడలేదు. నేనూ చూడనట్టే కూరగాయలు తరుగుతూ ఉండిపోయాను.

ఆ రాత్రి బెంగళూరు రైల్లో కథ మొదలైంది. అందులో మా వదిన లేదు, బియ్యం లేవు. పరిషెలో శెనక్కాయలు అమ్మే ఆడమనిషి ఉంది. ఆ ఏడు ఒక్కతే వచ్చింది. సేరుకి సేరున్నర కొలుస్తోంది.

ఇదీ నాకు తెలిసిన ఇన్‌స్పిరేషన్. చెకుముకి రాయి ఒక్కటే సంచిలో వేసుకు తిరిగితే బరువు తప్ప నిప్పు రాదు. రెండోది వచ్చి తగలాలి. అది ఎప్పుడు వస్తుందో చెప్పలేం, కానీ మొదటిది సంచిలో ఉంటేనే కదా తగిలేది. అందుకని నేను 'ఐడియా'లు రాసుకోను. ఎవరో అన్న మాట, ఎవరో చేసిన పని, ఉన్నదున్నట్టు రాసుకుంటాను. పక్కన అర్థం రాయను. అర్థం రాస్తే ఆ ముక్క అక్కడితో అయిపోతుంది, ఇక దేనికీ అతుక్కోదు.

ఇప్పుడు నీ తా.క. మళ్లీ చదువుకో. ముందే డబ్బు తీసుకుని పెట్టలేకపోయిన పండగ భోజనాలు ఒక వాక్యంలో ఉన్నాయి. వెనక్కి రాని ఒక బిళ్ల ఇంకో వాక్యంలో ఉంది. రెండు రాళ్లనీ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టి, వాటి వంక చూడకుండా సంతకం చేసేశావు. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా నీ నవల నేను రాసినట్టవుతుంది.

ఇన్‌స్పిరేషన్ వచ్చాకే కూర్చుంటాననే వాళ్లకి నేను చెప్పే కబురు ఒకటుంది. ఇందాక చెప్పిన నారాయణ్ గారే, పాతికేళ్లైనా నిండని వయసులో, ఇదే బెంగళూరులో బామ్మ దగ్గర ఉన్నప్పుడు, ఆవిడ మంచి రోజు చూసి చెబితే వెళ్లి ఒక నోటుబుక్కు కొనుక్కొచ్చుకున్నారు. ఏం రాయాలో తెలీదు. కలం కొరుకుతూ కూర్చుంటే ఒక చిన్న రైల్వే స్టేషనుతో సహా మాల్గుడి కళ్ల ముందుకొచ్చిందని తన ఆత్మకథలో రాసుకున్నారు. మల్లేశ్వరం, బసవనగుడి కలిపితే మాల్గుడి అయిందని ఇక్కడ ఆటో ఎక్కినా చెప్తారు, అది వదిలెయ్. ముందు నోటుబుక్కు వచ్చింది, ఊరు తర్వాత వచ్చింది. నాకు అందులో నచ్చేది ఆ బామ్మ. ఏం రాస్తావురా అని అడగలేదు, ముహూర్తం పెట్టింది.

ఇక అసలు కష్టం. అమ్మా నాయనా చదివితే ఏమవుతుంది?

ఇది చిన్న భయమని నేననను. నాకు జరిగింది చెప్తాను. పదిహేనేళ్ల కిందట మా అత్తింటి వైపు ఒక పెద్దావిడ మీద కథ రాశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను. ఆవిడకి కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటే కథలో ఎడమ బుగ్గకి మార్చి, ఇంకేం, ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. ఆరు నెలల తర్వాత ఒక పెళ్లి పందిట్లో అందరూ కూర్చుని ఉండగా ఆవిడ నన్ను పిలిచింది. "ఎడం వైపు పెట్టావేమే, కుడి వైపు బాగుండలేదా?" అంది. అంతే. తర్వాత పోయేదాకా నాతో మాట్లాడలేదు. నేను మూడేళ్లు ఒక్క కథ రాయలేదు. ఏ మనిషిని రాయబోయినా ఆ బుగ్గే కనిపించేది. ఆ కథ రాయకుండా ఉండాల్సిందా అని అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కథ మంచిదే. అదే బాధ.

ఆ మూడేళ్లలో తెలిసింది ఒక్కటే. పుట్టుమచ్చలు మారిస్తే మనిషి మారడు. ఊరు, పేరు, చీర రంగు మార్చినా మారడు. ఆ మనిషి నిజజీవితంలో చచ్చినా చేయని పని ఒకటి మన కథలో చేయించాలి. అక్కడ పాత్ర ఆ మనిషి చెయ్యి వదిలేసి తన దారిన తాను నడుస్తుంది.

మీ నాయన ఫోన్ చేసి మరీ డబ్బు వెనక్కిచ్చాడు. నీ నవలలో మెస్సు ఓనరు ఇవ్వకపోతే? ఇవ్వాలని ఉండి, అద్దె కట్టాల్సొచ్చి, వంటమనిషిని ఊరికి పంపాల్సొచ్చి, ఇవ్వలేకపోతే? అప్పుడు ఆదివారం లెక్క ఏమవుతుంది? లేదా గొలుసు ఆయన అడగకముందే ఆమె తీసి టీవీ మీద పెట్టేస్తే, ఆయన దాన్ని చూసి కూడా రెండు రోజులు ముట్టుకోకపోతే? ఇవి నా ఊహలు, తీసుకోమని కాదు. ఇలాంటి మలుపు ఒక్కటి తిరిగి చూడు. ఆ వెంటనే ఆయన మీ నాయన కాకుండా పోతాడు. నీకు ఆయన మీద కోపం రావచ్చు, జాలి రావచ్చు, ఆయన గురించి అబద్ధం చెప్పొచ్చు. కన్నతండ్రి గురించి అబద్ధం చెప్పలేక, నిజమూ చెప్పలేక నువ్వు పది నెలలు వాన కురిపించావు.

ఇంకోటి. రాయడం వేరు, అచ్చేయడం వేరు. గొలుసు సంగతి రాసి బీరువాలో పెట్టు. ఎవరికీ చూపించొద్దు, ముఖ్యంగా కవర్ వేసిచ్చిన స్నేహితురాలికి చూపించొద్దు. ఆరు నెలలాగి, ఉంచాలా తీయాలా అని అప్పుడు చూసుకో. తీసేసినా నష్టం లేదు. ఆ సీను రాసిన చేత్తో రాసిన ఏడో అధ్యాయం వేరుగా ఉంటుంది. అన్నట్టు, నాలుగు అధ్యాయాలకే కవర్ వేయించుకున్నావంటే 'ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మా అమ్మయితే ముఖం మీదే అనేది. ఆ కవర్ కళ్ల ముందు లేకుండా పెట్టు. అందంగా ఉంటే ఇంకా దూరంగా పెట్టు.

యాస సంగతి. నీ నాలుగు అధ్యాయాల్లో మీ నాయన "ఒకటి తక్కువగా ఉన్నట్లుందమ్మా" అని మాట్లాడే రకం మనిషి. ఉత్తరంలో మాత్రం "ఒగటి తక్కువొస్తా ఉండాది పాపా" అన్నాడు. మొదటాయన నాకు తెలీదు. రెండో ఆయన్ని మీ మారతహళ్లి సందులో వెనక నుంచి చూసినా గుర్తుపడతాను. చిత్తూరు మాటలో రాసిన నామినిని తెలుగు దేశమంతా చదువుకుంది, ఎవరూ నిఘంటువు అడగలేదు. నీ భయం అర్థం కాదేమోనని కాదు, పోటీ జడ్జీలకి మోటుగా ఉంటుందేమోనని. అవునా? జడ్జీగా నేనూ రెండు మూడుసార్లు కూర్చున్నాను. వచ్చిన కథల్లో సగం ఒకే మనిషి రాసినట్టుంటాయి. ఒక్క సొంత గొంతు వినపడితే ప్రాణం లేచొస్తుంది.

దీనికి తోడు నీ కీబోర్డు. నా మనవడు నాకూ తెలుగు కీబోర్డు పెట్టిచ్చాడు. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. 'ఉండాది' అని కొడితే 'ఉండేది' అని చూపిస్తుంది. 'ఒగటి' అంటే 'ఒకటి' చేస్తుంది. 'అనింది' అంటే 'అన్నది' అంటుంది. హడావిడిలో మనం సరే అనేస్తాం. పది నెలలుగా నీ నవలకి ఎడిటర్ ఆ కీబోర్డే. అందుకని అయిదో అధ్యాయం చేత్తో రాయి. ఎవెన్యూ రోడ్డులో నోటుబుక్కులు హోల్‌సేల్‌గా అమ్మే కొట్లున్నాయి కదా, నేను అక్కడే లెక్కల పుస్తకాలు కొంటాను, పొడుగు సైజువి. ఖరీదైన డైరీ మాత్రం కొనకు. మంచి డైరీలో చెడ్డ వాక్యం రాయడానికి చెయ్యి రాదు, మొదట రాసేవన్నీ చెడ్డ వాక్యాలే. చేత్తో రాయడం అలవాటు తప్పిపోయిందంటే, మీ నాయన గొంతు తెచ్చుకుని ఫోన్లో పైకి చెప్పి రికార్డు చేసుకో. తర్వాత విని, విన్నది విన్నట్టు రాసుకో. మెస్సుకొచ్చే కన్నడ కుర్రాళ్లు భోజనం అయిందా అనడానికి "ఊట ఆయ్తా" అంటే అలాగే ఉండనీ. మారతహళ్లిలో అందరూ అచ్చ తెలుగు మాట్లాడితేనే అనుమానం వస్తుంది.

ఉద్యోగం మానేయొద్దు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. డాక్టర్ కేశవరెడ్డి గారు మీ చిత్తూరు జిల్లా మనిషే. ఉద్యోగం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, కుష్ఠురోగుల ఆసుపత్రిలో. అంత దూరంలో రోగుల్ని చూసుకుంటూనే తన చిత్తూరు పల్లెల్ని నవలల్లో నిలబెట్టారు. ఆ దూరం ఆయనకి అడ్డం కాలేదు. నీకూ కుప్పం అంత దూరమేం కాదు. ఏడాది సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే పొద్దున ఇల్లు సర్దుతావు, మధ్యాహ్నం గిల్టీగా పడుకుంటావు, సాయంత్రం ఈఎంఐ గుర్తొస్తుంది. ఇప్పుడు బెల్లందూర్ పోవడానికి ఆ 500డి బస్సులో గంటకి పైగా గడుపుతున్నావు కదా, అందులో రాయొద్దు. చెవుల్లో అవి పెట్టుకోకుండా కూర్చో, చాలు. రాయడానికి పొద్దున అరగంట. వాక్యం సగంలో ఉండగానే లేచిపో. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు, ఆ సగం వాక్యమే చెయ్యి పట్టుకుని లాగుతుంది. ఇది చాలామంది రాసేవాళ్లకి తెలిసిన కిటుకే. నాకు ఇప్పటికీ పనిచేస్తోంది.

ఏఐ రాసిన అయిదో అధ్యాయం కూడా చదివాను. తప్పుల్లేవు. మెస్సు తలుపు మూసేటప్పుడు ఓనరు బోర్డు వంక చూసి కన్నీరు తుడుచుకుంటాడు, బయట వాన పడుతుంది. నువ్వు రాసిన ఆరింటిలో పడిన వానే అది. దానికి మీ మంచం కింద డబ్బా సంగతి తెలీదు. నువ్వు చెప్పలేదు.

రాసింది బాగాలేదనే దిగులు ఇప్పుడే వద్దు. గురజాడ వారి కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది. 1909లో ఆయన దాన్ని ఎంత మార్చి, ఎంత పెంచి వేశారంటే, మనం ఈ రోజు చదివి నవ్వుకునేది ఆ రెండోదాన్ని. మధ్యలో పన్నెండేళ్లు. అంత పెద్దాయనకే పట్టింది అని ఓదార్చడానికి చెప్పడం లేదు. మొదటిది ఉండబట్టే రెండోది తయారైంది. నీ దగ్గర అయిదో అధ్యాయానికి మొదటిది లేదు, పద్నాలుగు మొదళ్లున్నాయంతే.

కాబట్టి చేయాల్సింది ఇది. దీన్ని అయిదో అధ్యాయం అనొద్దు, ఏ పేరూ పెట్టొద్దు. ఒక గది. నేల మీద బిళ్లలు. ఇద్దరు మనుషులు, లెక్కపెట్టేవాడు ఒకడు, పక్క గదిలోంచి వినేది ఒకతె. తారీఖు వద్దు, వాన వద్దు, దేశం సంగతి వద్దు. వాళ్లిద్దరూ గొలుసు మాట ఎత్తకూడదు. మూడు పేజీలు. ఇది నవలలో ఎక్కడ కూర్చుంటుందో నీకు రాశాక తెలుస్తుంది. చివర్లో కూర్చోవచ్చు, మొదటి పేజీలోనే కూర్చోవచ్చు. అలా మొదటి పేజీకి వచ్చిందంటే నీ నాలుగు అధ్యాయాల్లో రెండు ఎగిరిపోతాయి, ఏడవకు. నా లెక్కలో మూడోది ఎలాగూ పోవాల్సిందే, పీజీ కుర్రాడి ప్రేమకథ మీ మెస్సుకి సంబంధం లేదు.

బిళ్లల మీద నంబర్లుంటాయని రాశావు. పోయినదాని నంబరెంతో రాయలేదు. నీకు తెలీదనుకుంటాను. ఆయనకి తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం డబ్బా బయటికి తీసినప్పుడు పక్కన కూర్చుని అడుగు.